ఫుట్‌బోర్డు

పదహారేండ్ల సంది ఒక్కటే మాట నాది:
ఫుట్‌బోర్డు మీద నిలవడకుండ్రి, లోపలికి జరుగుండ్రి.
దేవరకొండ డిపోల ఎవర్నన్న అడుగు
అండాలు మల్లేపల్లిల అరిస్తే
అంగడిపేటల దిగుతరంటరు.

ఇప్పుడు రాణే సారు అంటడు
తలుపు అంచు మీదికి రా, కాలివేళ్లు బయటికి పెట్టు.
సాగర్ దిక్కు, గడ్డి మొలిచిన పాత రన్‌వే పక్కన
రెక్కలు లేని ఉత్త రేకు డబ్బా అది,
నేర్పుడు కోసం పెట్టిండ్రు.
భూమికి మూడడుగుల ఎత్తు.
నాకు నవ్వొచ్చింది. ఎందుకో ఆయనకు చెప్పలే.

దూకుడు తర్వాత, ముందు ఒళ్లు చూద్దామన్నడు.
బోర్ల పండుకోమన్నడు.
ఛాతీ లేపు, మోకాళ్లు లేపు,
పొట్ట ఒక్కటే నేలకు ఆనాలె.
లేపిన.
లేచింది మెడ ఒక్కటే,
గోడ మీద తొండ లెక్క.

ఎడమ భుజం కిందికి దిగి ఉన్నది, పైసల సంచి గుంజిన గుంజుడుకు.
కుడి తుంటి సీటు అంచుకు ఒరిగి ఒరిగి
జీరో టికెట్లు కొట్టిన దినాలన్ని ఆడ్నే గడ్డకట్టినయి.
సారు చుట్టు తిరిగి చూసిండు.
ఏ దిక్కు బిగవడితే గాలిల ఆ దిక్కే తిరుగుతవ్,
తిరుగుతున్నవని నీకే తెల్వది, అన్నడు.

డిపోల తెలిసిపోయింది.
చిట్టి పాడిన పైసలు గాలికి వోస్తున్నవా అన్నరు.
మొక్కై వంగనిది మానై వంగుతదా అండాలూ అని
సైదులన్న స్టీరింగు గుద్ది గుద్ది నవ్విండు.
అద్దంల చూసుడు అలవాటైన మెడ ఆయనది,
పక్కకు తిరగాలంటే మనిషే మొత్తం తిరగాలె.
వంగకపోతేమాయె, ఊగుతది గదనే, అన్న.

నాలుగింటికి లేసేదాన్ని మూడింటికే లేస్తున్న.
క్వార్టర్ మిద్దె మీద, మిరపకాయలు ఎండవోసిన పట్టా మీద
చేతులు నడుముకు పెట్టి తుంటి ముందుకు తోస్త.
ఇరవై లెక్కపెట్టక ముందే పిక్కలు పట్టుకుంటయి.
ఆ ఘాటుకు తుమ్ములు వేరే.

డ్యూటీ రాకముందు నాట్లేసిన నడుము ఇది.
ఒళ్లు వంచి పనిచెయ్యమన్నోళ్లే అందరు.
వెనక్కి సుత వంగొచ్చని
ఒక్కరన్న చెప్పలే.

ఢీలా ఛోడో, ఢీలా, అంటడు సారు.
మా దగ్గర ఢీలా పడ్డదంటే పని ఖతమైనట్టు.
చెకింగోళ్లు ఎక్కిన నాడు,
డబుల్ డ్యూటీ మీద డబుల్ డ్యూటీ వడ్డ నాడు,
పైసలు తక్కువొచ్చి ఇంట్లకెళ్లి తెచ్చి కట్టిన నాడు
ఢీలా పడలే నేను, పండ్లు బిగవట్టిన.
గా బిగి దవడల అట్లనే ఉండిపోయింది.
నిద్రల సుత.
దాన్ని ఇడువుమంటే ఏడికెళ్లి ఇడువాలె,
ముందుగల్ల అదెక్కడున్నదో దేవులాడాలె.

ఐదో నెలల ఒకనాటి పొద్దుగాల
తల వెనక్కి వేస్తే నీళ్ల ట్యాంకు కనవడ్డది, తలకిందుల.
కడిగిన తేదీ 14-3 అని రాసున్నది.
ఇంకొంచెం వంగి
కడిగినోని పేరు సుత చదివిన.

ఆ ఆదివారం గాలి ఎక్కువుందని విమానం లేవలే.
ఆ మీది వారం మబ్బు.

సోమవారం మల్లేపల్లి మలుపుల
రాడ్ వదిలేసిన.
బస్సు ఎటు ఒరిగితే అటు వోయి మళ్ల వచ్చిన.
సంచి ఇప్పుడు కుడి భుజానికి.

ఎనక మెట్ల మీద ఇద్దరు కాలేజీ పోరగాళ్లు వేలాడుతున్నరు.
నోరు తెరిచి ఆగిన.
మోకాళ్లు ఎట్ల మెత్తగ పెట్టిండ్రో,
గాలికి ఛాతీ ఎట్ల ఇచ్చిండ్రో
ఒక నిమిషం చూసిన.

తర్వాతనే తిట్టిన.